పచ్చగీత నిండేదాకా

ఆ ల్యాబులో నీళ్ళతొట్టి స్విచ్ వెయ్యాలంటే ముందు కేక వెయ్యాలి. అచ్చుల్లోంచి మైనం కరిగించి తీసే తొట్టి అది. వేసీ వెయ్యగానే అక్కడున్న కరెంటంతా తనకే కావాలంటుంది. అదే తీగ మీద సానచక్రం, అచ్చులు బిగించే ప్రెస్సు, మూలనున్న పాత కంప్యూటర్ కూడా బతుకుతున్నాయి. అందుకని తొట్టి దగ్గరున్నవాళ్ళు "వేస్తున్నా!" అని అరుస్తారు. మధ్యలో ఆపకూడని పనిలో ఉన్నవాళ్ళు "ఆగు!" అంటారు. అలాంటిదేమీ లేకపోతే ఎవరో ఒకరు "వేసెయ్!" అంటారు. ఒక్క గొంతు పలికితే చాలు. అది ఎవరి గొంతన్నది ఎవరూ పట్టించుకోరు.

కట్టుడు పళ్ళు చేసే ల్యాబు అది. డాక్టర్లు పంపిన నోటి అచ్చుల్లో ప్లాస్టర్ పోసి దవడలు తీసేది పిండి బాబాయ్. మోచేతులదాకా ఎప్పుడూ తెల్లగా ఉంటాడు గనక ఆ పేరు వచ్చింది. ఆ దవడల మీద మైనం కట్టి పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టేది ఆయన కోడలు. ఇంట్లోనూ పనిలోనూ ఒక్క మామగారే దొరికిన అభాగ్యురాలినని ఆవిడే చెప్పుకుని నవ్వుతుంది. అందరి చేతుల్లోంచీ వచ్చిన సెట్టుకి చివర్న సానచక్రం మీద మెరుగు పెట్టేది పిన్ని. ల్యాబుకంతటికీ పిన్నే. ల్యాబు నడిపే మాస్టారు మాత్రం చెల్లెమ్మా అని పిలుస్తారు.

ఆ మధ్యాహ్నం మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చుని, అందులో డబ్బు చూసుకునే వాలెట్ తెరిచారు. దూరదేశంలో ఉన్న పళ్ళ ఆస్పత్రి ఒకటి చాలాకాలంగా వీళ్ళచేత సెట్లు చేయించుకుంటోంది. వాళ్ళు డబ్బు క్రిప్టోలోనే, కంప్యూటర్లో తప్ప కనపడని నాణేల్లోనే, పంపుతారు. మొదట్లో అది గాల్లో రాసిచ్చిన చెక్కులా అనిపించింది మాస్టారుకి. తోడల్లుడు వచ్చి కంప్యూటర్లో వాలెట్ పెట్టి, ఎలా చూసుకోవాలో నేర్పిపెట్టాక నెమ్మదిగా అలవాటుపడ్డారు. వచ్చినదాన్ని వచ్చినట్టే ఉంచారు. ఎందుకు ఉంచుతున్నదీ ఆయనకే తెలియదు. ల్యాబు ఉన్న ఈ కిందివాటా అమ్మేస్తున్నానని ఇంటాయన చెప్పినరోజున తెలిసింది. ఈ వారాంతంలోగా డబ్బు చేరితే వాటా వీళ్ళది. చేరకపోతే గోదాముకోసం తిరుగుతున్న ఇంకొకాయనది. ఈ తొట్టినీ, ఈ ప్రెస్సునీ, ఈ మనుషుల్నీ మళ్ళీ ఇంకొకచోట కూర్చడం తన వయసులో జరిగే పని కాదని మాస్టారుకి బాగా తెలుసు.

తెర అడుగున పచ్చగీత నెమ్మదిగా కదులుతోంది. అది నిండితే డబ్బు పంపవచ్చు. మాస్టారు కళ్ళజోడు ముక్కుమీదికి జరుపుకుని ఇంటాయన ఇచ్చిన వివరాలు ఒకటికి రెండుసార్లు చూసుకుంటున్నారు. వెనక సానచక్రం గుయ్యిమంటోంది. గిన్నెలో ప్లాస్టర్ కలుపుతున్న చప్పుడు, కోడలు ఏదో అంటే బాబాయ్ నవ్వు, తలుపు కిర్రుమనడం. ఇన్నేళ్ళుగా వింటున్నవే గనక ఏదీ చెవికెక్కడం లేదు.

ఉన్నట్టుండి తెర నల్లబడింది. సానచక్రం మూలుగుతూ ఆగిపోయింది.

"ఎవరు వేశారు?" మాస్టారు కుర్చీలోంచి లేచారు.

తొట్టి దగ్గర పిన్ని నిలబడి ఉంది. చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది.

"నేనే మాస్టారూ."

బాబాయ్ స్టూలెక్కి ఫ్యూజు మార్చాడు. కంప్యూటర్ దగ్గుతున్నట్టు చప్పుడు చేసి లేచింది. వాలెట్ మాత్రం తెరుచుకోలేదు. సమాచారం పాడైంది, మొదటినుంచీ మళ్ళీ కట్టుకోమంటారా అని అడిగింది. మాస్టారు అవునని నొక్కారు. అప్పుడు తెరుచుకుంది. నిల్వ ఉండాల్సినచోట సున్నా ఉంది. పచ్చగీత దాదాపు నిండినది కాస్తా ఎడమ అంచుకి జారిపోయి, గోరంత మిగిలింది.

ఆ సున్నాని చూస్తూ ఎంతసేపు నిలబడ్డారో ఆయనకే తెలియదు. వెనక్కి తిరిగేసరికి ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు.

"కేక వెయ్యాలని తెలీదా చెల్లెమ్మా?"

"వేశాను మాస్టారూ."

"వేస్తే, వేసెయ్ అన్నదెవరు?"

పిన్ని ఆయన మొహంలోకి చూసింది. ఏదో అనబోయి ఆగిపోయింది.

"చెప్పు. ఎవరన్నారు?"

బాబాయ్ ప్లాస్టర్ గిన్నెలోకి తల వంచాడు. కోడలు మైనం కత్తిని దీపం మీద పెట్టి తియ్యడం మర్చిపోయింది. దాని పిడి వేడెక్కి చెయ్యి చురుక్కుమన్నాక గాని వదల్లేదు.

"ఎవరూ అనలేదన్నమాట," అన్నారు మాస్టారు. ఆయన గొంతు పెద్దదేమీ కాదు, అందుకే ఆ మాటలు ఇంకా గట్టిగా తగిలాయి. "ఇన్నేళ్ళుగా చేస్తున్నావు. ఒక్క క్షణం ఆగడానికి తీరిక లేకపోయిందా? ఇంతమంది నోట్లో మట్టి కొట్టావు కదమ్మా."

పిన్ని చీరకొంగుతో చేతులు తుడుచుకుంది. అవి తడిగా లేవు.

*

తోడల్లుడు సాయంత్రానికల్లా దిగాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. ఒక చేతిలో స్క్రూడ్రైవర్ల సంచి, ఇంకో చేతిలో క్యారేజీ.

"మీ మరదలు పంపింది అన్నగారూ. మీరు తినకపోతే ఇంటిదగ్గర నాకు పెట్టదట. నా కడుపు మీ చేతుల్లో ఉంది."

భార్య పోయాక కూడా ఆమె చెల్లెలూ, ఆ చెల్లెలి భర్తా తనని ఇలా చూసుకోవడం మాస్టారుకి ఎప్పుడూ కొంచెం ఆశ్చర్యంగానే ఉంటుంది. ముడి వేసిన మనిషి లేకపోయినా ముడి మాత్రం ఊడలేదు.

తోడల్లుడు కంప్యూటర్ ముందు కూర్చుని మొదట చేసిన పని, వాలెట్ ఫైలుని ఒక పెన్‌డ్రైవ్‌లోకి నకలు తియ్యడం. అది చొక్కా జేబులో వేసుకుని జేబు మీద తట్టుకున్నాడు.

"ఇంతకుముందెప్పుడైనా నకలు తీసి పెట్టుకున్నారా?"

మాస్టారు తల అడ్డంగా ఊపారు.

"పోనీలెండి. మీరు ఏదీ చెరపలేదుగా? మళ్ళీ కొత్తగా ఎక్కించడం, పాతది తీసెయ్యడం, అలాంటివి?"

"లేదు. చెయ్యాలనిపించింది. భయమేసి ఊరుకున్నాను."

"ఆ భయమే కాపాడింది." తోడల్లుడు వేళ్ళు విరుచుకున్నాడు. "వినండి. డబ్బు ఈ డబ్బాలో లేదు. అది బయట, అందరి లెక్కలూ ఉన్నచోట ఉంది. ఇక్కడున్నది తాళంచెవి మాత్రమే. కరెంటు పోయినప్పుడు ఈ కంప్యూటర్ ఆ లెక్కలు దించుకుంటోంది. మధ్యలో ఆగేసరికి ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోయింది. మా లిఫ్టూ అంతే. కరెంటు పోయి వస్తే ఏ అంతస్తులో ఉందో దానికి తెలీదు. ముందు కిందికి దిగిపోతుంది. మళ్ళీ అంతస్తులు లెక్కపెట్టుకుంటూ పైకొస్తుంది. లోపలున్నవాళ్ళు అమ్మో అయ్యో అంటారు. అది మాత్రం తన పని తను చేసుకుపోతుంది."

"అంటే డబ్బు ఉన్నట్టేనా?"

తోడల్లుడు తెర మూలన మారుతున్న తేదీని వేలితో చూపించాడు. "లెక్కలు మీకు మొదటిసారి డబ్బు వచ్చిన తేదీ దాటాలి. అప్పుడు అది ఇక్కడ కనపడితే తాళంచెవి బాగున్నట్టు. కనపడకపోతే..." ఆగి, "అప్పుడు చూద్దాం," అన్నాడు.

"ఎంతసేపు?"

"ఇది ముసలి డబ్బా అన్నగారూ. రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా మళ్ళీ ఇలా ఉన్నట్టుండి ఆగిపోకూడదు. అదొక్కటే."

"మాకు పనిచేసే ఆవిడ చేసిన నిర్వాకం," అన్నారు మాస్టారు.

పిన్ని అప్పటికే ఇంటికి వెళ్ళిపోయింది. బాబాయ్ మాత్రం చేతులు కడుక్కుంటున్నాడు. కుళాయి కట్టేశాడు. తర్వాత మళ్ళీ విప్పి, కడిగిన చేతులే కడుక్కున్నాడు.

*

మర్నాడు పొద్దున్నే పైవాటాలో ఉండే టైలరమ్మ కిటికీలోంచి ఒక పొడుగు వైరు కిందికి వదిలింది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. పిండి బాబాయ్ మెట్లమీద ఎదురైనప్పుడు ఏదో అన్నాడట, అంతే.

"మా లైను మీద పెట్టుకోండి మాస్టారూ. నా కుట్టుమిషనొక్కటేగా, నేను కాలుతో తొక్కేసుకుంటాను. మానేసి చాలాకాలమైంది, కాళ్ళకీ పని దొరుకుతుంది."

వైరు గాలికి ఊగకుండా కోడలు దాన్ని కిటికీ చువ్వకి మైనంపూత గుడ్డతో కట్టింది. మాస్టారు తోడల్లుణ్ణి ఫోన్లో అడిగి, వాలెట్‌ని పద్ధతిగా మూసి, కంప్యూటర్ని ఆ వైరుకి మార్చి మళ్ళీ తెరిచారు. గీత ఉన్నచోటే ఉంది. అప్పటినుంచీ కంప్యూటర్ పైవాటా కరెంటుతో నడిచింది. తొట్టికీ దానికీ సంబంధం తెగింది. మాస్టారు కుర్చీ తెచ్చుకుని దాని పక్కనే కూర్చున్నారు. ఎప్పుడూ ముందుగదిలో డాక్టర్లతో మాట్లాడుతూ ఉండే మనిషి, చాలాకాలం తర్వాత పనిగదిలో పొద్దంతా గడిపారు.

పిన్ని మామూలు వేళకే వచ్చింది. తన పళ్ళెంలో వరసగా పెట్టి ఉన్న సెట్లు ఒక్కొక్కటే తీసుకుంది. మెరుగుపొడి తడిపి అద్దిన గుడ్డచక్రం తిరుగుతుంటే, సెట్టుని దానికి ఆనించీ ఆనించకుండా తిప్పుతుంది. ఒక్కచోట క్షణం ఎక్కువ ఆగినా వేడికి వంకరపోతుంది. వంకరపోయినది నోట్లో కూర్చోదు. పెట్టుకున్నవాళ్ళు తింటున్నప్పుడల్లా ఎవరినో తిట్టుకుంటారు. అందుకని పిన్ని రెండు చేతులూ ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. మెరుగు అయ్యాక కళ్ళు మూసుకుని, బొటనవేలి గోటితో లోపలివైపంతా తడుముతుంది. ఎక్కడైనా గోరు తట్టుకుంటే మళ్ళీ చక్రం దగ్గరికి. ఆ పని చూస్తూ మాస్టారు ఒకసారి తెర సంగతి మర్చిపోయారు. మర్చిపోయినందుకు వెంటనే కోపం వచ్చింది.

మధ్యాహ్నం ఇంటాయన వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి లోపలికి చూశాడు.

"ఏమైంది మాస్టారూ? డబ్బు పంపుతానన్నారు?"

"కొంచెం ఆలస్యమవుతుంది. కంప్యూటర్ ఆగిపోయింది." మాస్టారు గుమ్మం దగ్గరికి వెళ్ళారు. గొంతు తగ్గించాలనుకున్నారు, తగ్గలేదు. "మా పనావిడ చూసుకోకుండా స్విచ్ వేసింది. అన్నీ మళ్ళీ మొదటికొచ్చాయి."

"అలాంటివాళ్ళని పెట్టుకుంటే అంతే మరి," అన్నాడు ఇంటాయన. "నేను మాత్రం ఎంతకాలం ఆగగలను? అవతలాయన రోజూ ఫోను చేస్తున్నాడు."

సానచక్రం తిరుగుతూనే ఉంది. పిన్ని వెనుదిరిగి చూడలేదు.

సాయంత్రం పళ్ళెం ఖాళీ అయ్యాక ఆవిడ తన బ్రష్షులన్నీ కడిగింది. మెరుగుపెట్టేవాళ్ళు ఎవరి బ్రష్షులు వాళ్ళే తెచ్చుకుంటారు. వాడగా వాడగా అవి ఆ చేతివాటానికే అరిగి ఉంటాయి, ఇంకొకరికి పనికిరావు. కడిగి, నీళ్ళు విదిలించి, ఒక గుడ్డసంచిలో సర్దుకుంది.

"బ్రష్షులెందుకు పిన్నీ?" అంది కోడలు చిన్నగా.

"కడగాలిగా."

"ఇప్పుడేగా కడిగావు?"

"వెళ్ళొస్తానే." పిన్ని కోడలి బుగ్గ మీద చెయ్యి వేసి తీసేసింది. మాస్టారు వైపు తిరిగి, "వెళ్ళొస్తాను మాస్టారూ," అంది. ఎప్పటి గొంతే. ఆయన తల ఊపారు. గీత అప్పటికి పావువంతు కూడా దాటలేదు.

*

ఆ తర్వాతి రోజు పిన్ని రాలేదు.

పొద్దుటినుంచీ సెట్లు పళ్ళెంలో చేరుతున్నాయి. మధ్యాహ్నానికి అర్జెంటుగా ఇవ్వాల్సినది ఒకటి వచ్చింది. కోడలు తనే చేస్తానని చక్రం ముందు నిలబడింది. నిలబడటమైతే పిన్నిలాగే నిలబడింది. కాసేపటికి కాలిన వాసన వచ్చింది. తీసిచూస్తే పైవరస ఒక పక్కకి నవ్వుతోంది.

"పోనీ మళ్ళీ చేద్దాం," అన్నాడు బాబాయ్. "అచ్చు ఉందిగా."

"అచ్చుంది మామయ్యా, మనిషేదీ?" అంది కోడలు. ఆ సెట్టుని పక్కన పెట్టేసి తొట్టి దగ్గరికి వెళ్ళింది.

మాస్టారు తెరవైపే చూస్తున్నారు. గీత సగానికి దగ్గరపడుతోంది. లెక్కల తేదీలు తెర మూలన మారుతున్నాయి. ఆస్పత్రివాళ్ళు మొదటిసారి పంపిన నెల ఇంకా రాలేదు. రేపు వస్తుందేమో, వచ్చినా అక్కడ ఏమీ కనపడకపోతే ఏం చెయ్యాలి, ఇంటాయనకి ఏం చెప్పాలి, బాబాయ్ ఈ వయసులో ఎక్కడ పని వెతుక్కుంటాడు...

"మాస్టారూ?"

కోడలు పిలుస్తోంది. ఆయన తల తిప్పారు. ఆవిడ చెయ్యి స్విచ్ మీద ఉంది. మొహం పాలిపోయి ఉంది. బాబాయ్ ప్లాస్టర్ గరిటె గాల్లోనే ఆపేశాడు.

"ఏమైంది?"

"వేశాను మాస్టారూ," అంది కోడలు.

"వేస్తే వేశావు. కంప్యూటర్ ఆ లైను మీద లేదుగా. కేక వేశావా?"

"వేశాను."

"మరింకేం?"

కోడలు మామగారి వైపు చూసింది. ఆయన కళ్ళతోనే వద్దన్నాడు. ఆవిడ ఆగలేదు.

"మీరే అన్నారు మాస్టారూ. వేసెయ్ అని. ఇప్పుడే. తెరవైపు చూస్తూ."

మాస్టారుకి ఆ మాట అన్న జ్ఞాపకం లేదు. నోరు తడుముకున్నట్టు చెయ్యి పెదాలమీదికి వెళ్ళింది. తను ఏమీ అనలేదని చెప్పబోయారు. ఇంతలో చెవిలో ఎక్కడో, ఒక నిమిషం కిందటిది, తన గొంతే పరాయిదానిలా వినబడింది. వేసెయ్. ఆలోచన లేకుండా, తలెత్తకుండా, దగ్గు వచ్చినట్టు వచ్చిన మాట.

"ఆ రోజు కూడానా?" అన్నారు.

కోడలు స్విచ్ మీదినుంచి చెయ్యి తీసేసింది. తొట్టిలో నీళ్ళు గుసగుసలాడటం మొదలుపెట్టాయి.

"చెప్పు బాబాయ్."

"ఆ రోజు కూడా," అన్నాడు బాబాయ్ నెమ్మదిగా. "ముగ్గురం విన్నాం."

"మరి చెప్పలేదేం?"

"చెప్దామనే అనుకున్నాం. పిన్ని ఒప్పుకోలేదు. ఆయన అంతా పోయిందనుకుని కూర్చున్నాడు, ఇప్పుడు అది కూడా ఆయన నెత్తినే వెయ్యకండర్రా అంది. డబ్బు కనపడ్డాక నేనే చెప్తాను, అప్పుడైతే నవ్వుతాడు అంది." బాబాయ్ గరిటె గిన్నెలో పెట్టేశాడు. "నిన్న ఇంటాయన ముందు మీరు పనావిడ అన్నారే మాస్టారూ, అది మాత్రం... చెల్లెమ్మా అని కదా పిలుస్తారు."

మాస్టారు చెప్పులు వెతుక్కున్నారు. అవి కాళ్ళకే ఉన్నాయి.

"గీత చూస్తూ ఉండండి," అని బయటికి నడిచారు.

*

పిన్ని ఇంటికి వెళ్ళే దారిలోనే ఇంటాయన ఇల్లు. దాన్ని దాటి నాలుగడుగులు వేశాక మాస్టారు ఆగి వెనక్కి వచ్చారు. ఇంటాయన వసారాలో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాడు.

"డబ్బు వచ్చిందా మాస్టారూ?"

"ఇంకా లేదు. వేరే మాట చెప్పడానికి వచ్చాను. నిన్న ఆవిడ వల్ల కంప్యూటర్ ఆగిందన్నాను. అబద్ధం. ఆవిడ అడిగే వేసింది. వెయ్యమన్నది నేనే."

ఇంటాయన చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఇది చెప్పడానికి వచ్చారా?"

"ఇదే."

"మంచిది." ఏం చెయ్యాలో తోచనట్టు మిగిలిన నీళ్ళన్నీ ఒకే మొక్కకి పోసేశాడు. మాస్టారు గేటు దాకా వెళ్ళాక వెనకనుంచి పిలిచాడు. "సోమవారం దాకా ఆగమని అవతలాయనకి చెప్తానులెండి. రోజూ ఫోన్లు చేస్తే నాకు మాత్రం ఏం బాగుంటుంది?"

పిన్ని ఇల్లు మెట్లెక్కాక కుడివైపు. తలుపు తీసి ఉంది. మంచం మీద ఆవిడ అత్తగారు కూర్చుని ఉంది, నోట్లో పళ్ళు లేవు. మాస్టార్ని చూడగానే చెయ్యెత్తి ఆగమన్నట్టు సైగ చేసింది. పక్కనున్న గిన్నెలోంచి సెట్టు తీసి, దులిపి, నోట్లో పెట్టుకుని రెండుసార్లు కొరికి చూసుకుంది.

"ఇప్పుడు చెప్పు. మా కోడల్ని మాట అన్నది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"నా పళ్ళకి మెరుగు పెట్టింది అదే. చూడు." పెద్దావిడ పెదవి ఎత్తి చూపించింది. "ఎన్నేళ్ళైంది! దీన్నా నువ్వన్నది?"

"అత్తయ్యా, ఇక చాలు. పళ్ళు కదిలిపోతాయి," అంటూ పిన్ని లోపలినుంచి వచ్చింది. మాస్టార్ని చూసి ఒక్క క్షణం ఆగి, కుర్చీ జరిపింది. ఆయన కూర్చోలేదు.

దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలు చాలా ఉన్నాయి. గుమ్మంలో ఒక్కటీ మిగల్లేదు.

"చెల్లెమ్మా, వేసెయ్ అన్నది నేను."

"అవును మాస్టారూ."

"ఇవాళ మళ్ళీ అన్నాను. కోడలు చెప్తేగాని తెలీలేదు. నా నోటి సంగతి నాకే తెలీకుండా నిన్ను అంత మాట అన్నాను. ఇంటాయనకి చెప్పి వస్తున్నాను. తోడల్లుడికీ చెప్తాను. ఇంకెవరికి చెప్పమంటే వాళ్ళకి చెప్తాను. నన్ను..."

ఆయన చేతులు జోడించబోయారు. పిన్ని ఆయన చెప్పులవైపు చూసింది.

"డబ్బు కనపడిందా?"

"ఇంకా లేదు. కనపడుతుందో లేదో తెలీదు."

"కనపడ్డాక వస్తారనుకున్నాను," అంది పిన్ని. "రాకపోయినా ఏమీ అనుకునేదాన్ని కాదులెండి. డబ్బొచ్చిన సంతోషంలో ఎవరైనా క్షమించమని అడుగుతారు. మీరు ముందే వచ్చారు." చీరకొంగు నడుముకి బిగించుకుంది. "నిన్న రాత్రంతా మీమీద కోపం తెచ్చుకుందామని కూర్చున్నాను మాస్టారూ. సగం తెచ్చుకున్నాను. మిగతా సగం ఇప్పుడు ఏం చేసుకోను?"

"నాకిచ్చెయ్, నేను వాడుకుంటాను," అంది పెద్దావిడ మంచం మీదనుంచి.

ముగ్గురూ ఒక్కసారే నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే మాస్టారి ఫోను మోగింది. తోడల్లుడి పేరు కనపడింది. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని ఉండిపోయారు.

"ఎత్తండి," అంది పిన్ని. "నేను మాత్రం తెలుసుకోవద్దా?"

స్పీకరు పెట్టారు. తోడల్లుడి గొంతు గదంతా నిండిపోయింది.

"అన్నగారూ, ఎక్కడున్నారు? నేను ల్యాబుకొచ్చాను. ఒకటి పడింది! మొదటిది. చిన్నదే, కానీ పడింది. తాళంచెవి నిక్షేపంగా ఉంది. ఇక ఎన్ని ఉంటే అన్నీ వస్తాయి. వినపడుతోందా? అన్నగారూ?"

మాస్టారు అప్పుడు కూర్చున్నారు, ఆవిడ జరిపిన కుర్చీలో. పిన్ని ఆయన చేతిలోంచి ఫోను తీసుకుంది.

"వినపడింది అన్నయ్యా. ఏ నెలదది?"

తోడల్లుడు నెల చెప్పాడు. పిన్ని కళ్ళు చిట్లించింది.

"అది కిందివరస. మొదటి సెట్టు. ఎడమ పక్క ఒక పన్ను కొంచెం పొడుగు పెట్టమని రాశారు, మనం తప్పు రాశారేమోనని వాళ్ళకి ఫోను చేశాం. గుర్తుందా మాస్టారూ? ఆ సెట్టు పెట్టుకునే ఆవిడకి చిన్నప్పుడు అలాగే ఉండేదట."

మాస్టారుకి గుర్తు లేదు. పిన్నికి ఉంది. ఆ మనిషిని ఎన్నడూ చూడలేదు, ఆ పన్నుని మాత్రం మర్చిపోలేదు.

లోపలికి వెళ్ళి గుడ్డసంచి తెచ్చుకుంది. "పదండి. కోడలు ఏదో ఒకటి కాల్చే ఉంటుంది."

"పైవరస," అన్నారు మాస్టారు.

"నాకు తెలుసు."

*

సాయంత్రం ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. మాస్టారు తోడల్లుడికి జరిగింది చెప్పారు. ఆయన విని, "అయితే లిఫ్టు బటన్ మీరే నొక్కి లిఫ్టువాణ్ణి తిట్టారన్నమాట," అన్నాడు. టైలరమ్మ కూడా కిందికి దిగివచ్చి తలుపు దగ్గర నిలబడింది. తన కరెంటు ఏం చేస్తోందో చూసే హక్కు తనకి ఉందంది.

గీత కదులుతున్నకొద్దీ తెరమీద ఒక్కొక్క వరసా వచ్చి చేరుతోంది. తేదీ, పక్కన అంకె. మొదట్లో అందరూ అంకెల్నే చూశారు. తర్వాత అది ఆట అయింది. తేదీ పడగానే ఎవరో ఒకరు సెట్టు చెప్పాలి.

"ఇది ఆ పాటలు పాడే ఆయనది. నాలుక ఆడటానికి చోటు కావాలన్నాడు," అన్నాడు బాబాయ్.

"ఇది నేను మొదటిసారి మైనం కట్టినది. మామయ్య మూడుసార్లు తీయించాడు," అంది కోడలు.

"నాలుగుసార్లు."

"ఇంటికెళ్ళి అత్తయ్యతో చెప్తాను."

ఒకచోట వరసగా చాలా పడ్డాయి. ఒకే నెలలోవి. అంతకుముందు నెలలోనూ, తర్వాతి నెలలోనూ అన్ని లేవు. ఈసారి ఆట ఆగింది. మాస్టారు ముందుకి వంగి తేదీలు చూశారు. తన భార్య పోయిన నెల అది. ఆ నెలంతా ఆయన ఇల్లు కదల్లేదు. ల్యాబు మూతపడి ఉంటుందనే అనుకున్నారు. తిరిగి వచ్చినరోజున తొట్టి వేడిగా ఉంది. సంగతేమిటని ఎవరినీ అడిగినట్టు గుర్తు లేదు.

"ఇవెవరివి?" అన్నారు. "నేనసలు రాలేదే ఆ నెల?"

బాబాయ్ చేతులకున్న ప్లాస్టర్ గీక్కుంటున్నాడు. కోడలు పిన్ని వైపు చూసింది. పిన్ని బ్రష్షులు సంచిలోంచి తీసి, ఎక్కడివి అక్కడ చక్రం పక్కన పెడుతోంది.

"మీరు రాలేదు మాస్టారూ," అంది, తలెత్తకుండా. "మేం వచ్చాం."

తెరమీద ఇంకో వరస పడింది. మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకుని, కుర్చీ కొంచెం పక్కకి జరిపి ఆవిడకి చోటిచ్చి, ఒక్కొక్కటీ ఎవరి సెట్టో మొదటినుంచీ చెప్పమని అడిగారు.